కళ్లు తెరిచి చేసే ప్రార్థన: తెలుగు క్రైస్తవంలో పవిత్ర చిత్రం, ధ్యానం

పవిత్ర చిత్రాన్ని ఎదుట ఉంచుకొని నింపాదిగా చూడటం, ఆ చూపులోంచి ప్రార్థనలోకి, ప్రార్థనలోంచి మౌనంలోకి వెళ్లడం క్రైస్తవ ధ్యాన మార్గాల్లో ఒకటి. చిత్రమంటే గోడకు వేలాడే పటమే కానక్కర్లేదు. రంగుటద్దాల కిటికీ, చెక్కిన సిలువ, ఐకాన్, అచ్చు బొమ్మ, రంగద్దిన గుడ్డ ఏదైనా కావచ్చు. పాశ్చాత్య దేశాల్లో కొన్ని దశాబ్దాలుగా దీన్ని విజియో డివినా అని పిలుస్తున్నారు. పేరు ఇటీవలిదే గాని అలవాటు చాలా పాతది. తెలుగునాట ఈ అలవాటు ఏ సంఘంలో ఏ మేరకు నిలిచింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది తేల్చాలంటే ముందు బొమ్మల మీద క్రైస్తవంలో నడిచిన పాత తగాదాను చూడాలి.

ఆ తగాదా బైబిల్లోనే మొదలవుతుంది. నిర్గమకాండం 20వ అధ్యాయం విగ్రహం చేసుకోవద్దని, దానికి సాగిలపడవద్దని ఆజ్ఞాపిస్తుంది. అదే గ్రంథం ఐదు అధ్యాయాల తర్వాత మందసం మూత మీద బంగారు కెరూబులను చేయమంటుంది. సంఖ్యాకాండం 21లో పాము కాటు తిన్నవాళ్లు మోషే ఎత్తిన ఇత్తడి సర్పం వైపు చూసి బతికారు. తరాలు గడిచాక జనం ఆ సర్పానికే ధూపం వేస్తున్నారని హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించినట్టు రెండవ రాజుల గ్రంథం 18వ అధ్యాయం చెబుతుంది. దేవుడి మాట మీద చేసిన వస్తువునే దైవభక్తి గల రాజు పగలగొట్టాడు. బొమ్మ కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ ఇద్దరూ ఈ కథను తమ వైపు సాక్ష్యంగా తెచ్చుకోవచ్చు, తెచ్చుకున్నారు కూడా.

చరిత్రలో బొమ్మకు రెండు రకాల సమర్థనలు వచ్చాయి. మార్సెయ్ బిషప్ సెరెనస్ తన గుళ్లలోని బొమ్మలను పగలగొట్టించినప్పుడు పోపు గ్రెగరీ 599, 600 సంవత్సరాల్లో ఆయనకు ఉత్తరాలు రాశాడు. బొమ్మలకు మొక్కకూడదన్న మాట సరైనదే, పగలగొట్టడం మాత్రం తప్పు, చదువు రానివాళ్లకు గోడ మీది బొమ్మే పుస్తకం అన్నది ఆయన వాదన. దీన్ని బోధ వాదం అనవచ్చు. తూర్పు సంఘం ఇంకో మెట్టు ఎక్కింది. దేవుడు మనిషి దేహం ధరించాడు కనుక ఆ దేహాన్ని గీయవచ్చని, బొమ్మకు చేసే వందనం బొమ్మ వెనకున్న వ్యక్తికి చేరుతుందని ఎనిమిదో శతాబ్దంలో డమాస్కస్ యోహాను వాదించాడు. 787లో రెండో నీకయా మహాసభ దీన్నే ఒప్పుకుంది. ఆరాధన దేవుడికే, బొమ్మకు గౌరవ వందనం మాత్రమే అని గీత గీసింది. మళ్లీ గొడవలు రేగి 843లో గాని సద్దుమణగలేదు. ఇక్కడ బొమ్మ పాఠం చెప్పే పుస్తకం స్థాయి దాటి, ప్రార్థించేవాడికి ప్రభువు ఎదురుపడే చోటు అయింది.

తెలుగు నేలకు వచ్చిన ప్రొటెస్టెంటు మిషన్లు ఈ రెండింటిలో మొదటిదాన్నే వెంట తెచ్చుకున్నాయి. అందులోనూ అన్ని మిషన్లూ ఒకటి కావు. 1522లో విట్టెన్‌బర్గ్‌లో కార్ల్‌స్టాట్ అనుచరులు బొమ్మలను తొలగించే పనిలో ఉండగా లూథర్ వచ్చి అడ్డం పడ్డాడు. హృదయంలో విగ్రహం తొలగనిదే గోడ మీది బొమ్మను తీసి లాభం లేదన్నది ఆయన వైఖరి. 1524లో జ్యూరిక్‌లో జ్వింగ్లీ పక్షం మాత్రం గుళ్లను ఖాళీ చేసింది. 1842లో గుంటూరుకు వచ్చిన మిషనరీ హేయర్ లూథరన్ కాబట్టి ఆయన సంప్రదాయంలో బొమ్మకు చోటుంది. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులకు అది లేదు. నిజాం రాజ్యంలో పనిచేసిన వెస్లియన్లవి సాదా గోడలు. వీటన్నిటికంటే బలమైన కారణం ఊళ్లోనే ఉంది. మాల, మాదిగ వాడల నుంచి వేలమంది సంఘంలో చేరినప్పుడు పోచమ్మ, మైసమ్మ గద్దెలను వదిలిపెట్టడమే బాప్తిస్మానికి బయటి గుర్తు. పటానికి దండం పెట్టడమంటే వెనక్కి పోయినట్టే అన్న భావం అక్కడ నాటుకుంది. దాన్ని మొండితనమని తీసిపారేయడం తేలికే గాని అన్యాయం. మారిన మనిషికి ఆ గీత తన కొత్త బతుకుకు సరిహద్దు.

కాబట్టి మేజిక్ లాంతరు పలకలు, సండే స్కూలు బొమ్మలు, ఫ్లానెల్ బోర్డు మీద అతికించే గొర్రెల కాపరి ఇవన్నీ కథ చెప్పాయి. కథ అవగానే చుట్టి పక్కన పెట్టారు. ప్రార్థన వేళ పెద్దలు పిల్లలకు చెప్పే మొదటి మాట: కళ్లు మూసుకోండి. చేతులు జోడించి కళ్లు మూస్తేనే అది ప్రార్థన. బొమ్మ చూడటానికీ ప్రార్థించడానికీ మధ్య తెలుగు ప్రొటెస్టెంటు జీవితంలో పడిన ఈ గోడ గురించి దైవశాస్త్ర గ్రంథాల్లో పెద్దగా వాదం జరగలేదు. అలవాటే దాన్ని కట్టింది.

చూస్తూ ప్రార్థించే పద్ధతికి మూలం చదువుతూ ప్రార్థించే పద్ధతి. పన్నెండో శతాబ్దపు కార్తూసియన్ సన్యాసి రెండో గీగో లేఖన ధ్యానానికి నాలుగు మెట్లు చెప్పాడు. అవి చదవడం, నెమరు వేయడం, ప్రార్థించడం, దేవుడి సన్నిధిలో ఊరికే ఉండిపోవడం. వాక్యం ఉన్న చోట చిత్రాన్ని పెడితే విజియో డివినా అవుతుంది. ఆచరణలో మొదట కాసేపు ఊపిరి కుదుటపడేదాకా మౌనంగా కూర్చుంటారు. తర్వాత చిత్రమంతటినీ ఒకసారి చూసి, చూపు తనంతట తాను ఆగిన చోట దాన్ని ఆగనిస్తారు. అది ఒక చెయ్యి కావచ్చు, నీడ కావచ్చు, మూలన నిలబడ్డ పేరులేని మనిషి కావచ్చు. చూపు అక్కడే ఎందుకు ఆగిందన్నది నెమరుకు వస్తుంది. అందులోంచి విన్నపమో, కృతజ్ఞతో, పశ్చాత్తాపమో మాటగా పుడితే దాన్ని చెప్పుకుంటారు. చివరికి మాటలు కూడా ఆపేస్తారు. చిత్రకారుడి పేరు, శైలి, కాలం తెలిస్తే మంచిదే గాని ఆ ఆలోచనలు ధ్యానం మధ్యలో దూరితే అది కళావిమర్శగా మారిపోతుంది. కొత్తవాళ్లు తరచూ జారేది ఇక్కడే.

దీనికి దగ్గరి మార్గాలు ఇంకా ఉన్నాయి. 1548లో పోపు ఆమోదం పొందిన ఇగ్నేషియస్ లొయోలా ఆధ్యాత్మిక సాధనలు సువార్త ఘట్టాన్ని మనోనేత్రంతో చూడమంటాయి. స్థలం, దారి, ముఖాలు, మాటలు అన్నీ ఊహించుకొని అందులో తానూ నిలబడాలి. ఆ ఊహకు ఆసరాగా 1593లో నదాల్ అనే జెస్యూట్ రూపొందించిన 153 రాగిరేకు చిత్రాల గ్రంథం వెలువడింది. అంతకు ముందే, 1440 ప్రాంతంలో, ఫ్లోరెన్సులోని సాన్ మార్కో మఠంలో ఫ్రా ఆంజెలికో ఒక్కో సన్యాసి గదిలో ఒక్కో గోడచిత్రం వేశాడు. ఆ గదిలో ఉండేవాడు ఏళ్ల తరబడి ఆ ఒక్క చిత్రంతోనే బతకాలి. ఆధునికుల్లో డచ్ గురువు హెన్రీ నోవెన్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. ఐకాన్లతో ప్రార్థన గురించి ఆయన పుస్తకం 1987లో, రెంబ్రాంట్ గీసిన తప్పిపోయిన కుమారుడి చిత్రం మీది పుస్తకం 1992లో వచ్చాయి. రెండో పుస్తకానికి బీజం పడింది ఒక గది తలుపుకు అంటించిన పోస్టరు దగ్గర. అసలు చిత్రాన్ని చూసింది ఆ తర్వాతే. నకలు చిత్రంతో ప్రార్థన కుదురుతుందా అని సందేహించేవాళ్లకు ఇది గుర్తు చేయదగ్గ సంగతి.

తెలంగాణలో ఈ విషయానికి పెద్ద ఉదాహరణ మెదక్ చర్చి. నిజామాబాద్ వైపు నుంచి 44వ నంబరు జాతీయ రహదారిలో డిచ్‌పల్లి, కామారెడ్డి దాటి రామాయంపేట దగ్గర మళ్లితే మెదక్. నిజామాబాద్ ప్రాంతపు సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘాలకు డయాసిస్ కేంద్రం కూడా అదే. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో పనికి తిండి అన్న లెక్కన చుట్టుపక్కల పల్లెల కూలీలు కట్టిన గుడి ఇది. 175 అడుగుల గోపురం, ఐదు వేలమంది పట్టే హాలు. సాదా గోడల వెస్లియన్లు ఇంత గోథిక్ గుడి కట్టి, అందులో మూడు భారీ చిత్రాలు పెట్టించడం విచిత్రమే.

ఆ చిత్రాలు గాజువి. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ శాలిస్‌బరీ రూపొందించినవి. బలిపీఠం పైన క్రీస్తు ఆరోహణం 1927లో, ఒక పక్క రెక్కలో జననం 1947లో, ఎదుటి రెక్కలో సిలువ 1958లో అమర్చారు. అంటే మొదటి కిటికీని చూస్తూ పెరిగిన పిల్లలు నడివయసుకు వచ్చాక గాని మూడోది రాలేదు. వరసలో చివరిదైన ఘట్టం మొదట వచ్చింది, గుడి మొత్తం మొహం పెట్టి చూసేదీ దానివైపే. సమాజం ప్రతి ఆదివారం వెళ్లిపోతున్న ప్రభువును చూస్తూ కూర్చుంటుంది. మూడు పెద్ద కిటికీల్లో పునరుత్థానానికి విడిగా చోటు లేదు. సిలువ కిటికీకీ ఆరోహణ కిటికీకీ నడుమ ఖాళీ సమాధిని చూసేవాడే ఊహించుకోవాలి. ధ్యానానికి ఇది లోపమేమీ కాదు. చిత్రం చెప్పకుండా వదిలిన చోటే ప్రార్థన ఎక్కువ పనిచేస్తుంది.

రంగుటద్దానికి ఒక స్వభావం ఉంది. బయట నుంచి చూస్తే సీసపు గీతల మధ్య మసి గాజులే. లోపల కూర్చుంటే, అదీ బయట ఎండ ఉంటే, బొమ్మ వెలుగుతుంది. రాత్రి లోపల ఎన్ని దీపాలు వేసినా అది కనిపించదు. పటాన్ని మనిషి తన తీరిక వేళ చూసుకోవచ్చు. కిటికీ మాత్రం పొద్దును బట్టి నడుస్తుంది. మబ్బు పట్టిన వానాకాలపు ఉదయం ఒకలా, ఏప్రిల్ మధ్యాహ్నం ఇంకోలా ఉంటుంది. మధ్యయుగపు ఐరోపా గుళ్లలో ఈ వెలుగునే దేవుడి సన్నిధికి గుర్తుగా భావించారు. మెదక్‌లో ఆ వెలుగు ముందు నింపాదిగా కూర్చునే అవకాశం తక్కువ. క్రిస్మస్‌కు జాతరలా జనం, సెలవు దినాల్లో పర్యాటకులు, వాళ్లలో అన్ని మతాలవారూ ఉంటారు. కిటికీ ముందు ఎక్కువమంది గడిపేది ఫోటో తీసుకునేంత సేపు. గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు చేసే అలవాటు సి.ఎస్.ఐ. సంఘాల్లో బలంగా ఉంది. ఆ ఏడింటిలో ఒక్క ప్రసంగం తగ్గించి, ఆ సమయం సిలువ కిటికీ ముందు మౌనానికి ఇచ్చినా మెదక్ గాజుకు న్యాయం జరుగుతుంది.

శాలిస్‌బరీ ఇంగ్లండులో రాజకుటుంబాల చిత్తరువులు గీసి పేరుపొందినవాడు. ఆయన మనుషుల ముఖాలు, వస్త్రాల మడతలు ఐరోపావే. దాదాపు వందేళ్లుగా ఈ ప్రాంతపు రైతులు, కూలీలు చూస్తూ వచ్చిన యేసు మొహం అదే. అలవాటైన మొహంతో ప్రార్థించడం తప్పేమీ కాదు. కాకపోతే అది ఒక్కటే మొహం అయిపోయినప్పుడు పరిశుద్ధత అంటే ఫలానా రంగు, ఫలానా ముక్కు అన్న ముద్ర పడుతుంది. ఇళ్లలో దీన్ని స్థిరపరచింది కేలండరు. అమెరికా చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ 1940లో గీసిన క్రీస్తు ముఖం కోట్ల ప్రతులుగా ప్రపంచమంతా పాకింది. ఆ ధోరణి బొమ్మలే వాక్యంతో కలిసి కొత్త ఏడాది కేలండర్లుగా గోడకెక్కుతాయి. గుడిలో బొమ్మ వద్దనే ఇంట్లోనూ కేలండరు ఉంటుంది. దానికి దండం పెట్టరు, కాని చించి పారేయడానికి చేతులు రావు. 1978లో భీంసింగ్ దర్శకత్వంలో వచ్చిన కరుణామయుడు ఇంకో ముఖాన్ని చేర్చింది. విజయచందర్ నటించిన ఆ సినిమాను ఊరూరా తెరలు కట్టి ఏళ్ల తరబడి చూపించారు. తెరముందు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను ధ్యానం చేశారనలేం. సినిమా కంటిని ఒకచోట ఆగనివ్వదు. అయినా కళ్లు మూసుకొని ప్రార్థించేటప్పుడు మనసులోకి వచ్చే యేసు చాలామందికి ఆ తెర నుంచి దిగినవాడే.

కథోలిక సంఘంలో దారి వేరు. పటం, స్వరూపం, జపమాల అక్కడ దినచర్య. చూస్తూ ప్రార్థించే అత్యంత క్రమబద్ధమైన రూపం సిలువ మార్గం. గుడి గోడల మీద పద్నాలుగు స్థలాల బొమ్మలుంటాయి. తపస్సు కాలపు శుక్రవారాల్లో గురువుతో కలిసి ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, మోకరించి, ధ్యానించి ముందుకు సాగుతారు. ఈ పద్నాలుగు లెక్కను 1731లో పోపు పన్నెండో క్లెమెంట్ ఖరారు చేశాడు. కాళ్లు కదలడం, ఆగడం ఇందులో భాగం కాబట్టి ఒకేచోట కూర్చోలేని పిల్లలకూ ముసలివాళ్లకూ ఇది పట్టుబడుతుంది. చిక్కల్లా పుస్తకంలోని ప్రార్థనలు గబగబా చదివేస్తే కన్ను బొమ్మ మీదికి పోయే తీరికే ఉండదు. విజయవాడ గుణదల కొండ ఇంకో రకం. ఫాదర్ అర్లాటి 1924లో, అంటే మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగిన ఏడాదే, అక్కడ లూర్దుమాత స్వరూపాన్ని నిలిపాడు. ఏటా ఫిబ్రవరిలో జరిగే తిరునాళ్లకు లక్షల్లో జనం వస్తారు. తలనీలాలు, కొబ్బరికాయలు, మొక్కుబడులు అన్నీ ఉంటాయి. అక్కడ జరిగేది ధ్యానం కంటే దర్శనానికి దగ్గర. భక్తురాలు తల్లిని చూస్తుంది, తల్లి తనను చూసిందని తృప్తిపడి దిగుతుంది. ప్రొటెస్టెంటులు దీన్ని చూసి ముఖం చిట్లిస్తారు గాని, చూపు రెండు వైపులా నడుస్తుందన్న ఆ నమ్మకం తూర్పు సంఘపు ఐకాన్ ప్రార్థనలో సరిగ్గా ఉన్నదే.

రోగులకూ చిత్రానికీ ఉన్న సంబంధం విడిగా చెప్పదగ్గది. ఐసెన్‌హైమ్ మఠపు ఆసుపత్రి కోసం 1512, 1516 మధ్య గ్రూనెవాల్డ్ గీసిన బలిపీఠ చిత్రంలో సిలువ మీది క్రీస్తు ఒళ్లంతా పుండ్లే. అక్కడ చికిత్స పొందినవాళ్లు చెడిన ధాన్యం తిని ఒళ్లు కుళ్లే జబ్బు తెచ్చుకున్నవారు. తమ పుండ్లనే ప్రభువు ఒంటి మీద చూసుకోవడం వాళ్ల చికిత్సలో ఒక భాగంగా ఉండేది. నిజామాబాద్ ప్రాంతంలోని డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు 1915లో కుష్ఠురోగుల కోసం విక్టోరియా ఆసుపత్రిని స్థాపించారు. నర్సా గౌడ్ అనే హిందూ దాత విరాళం దానికి అండగా నిలిచింది. ఊరు వెలేసిన మనిషిని యేసు చేయి చాచి తాకే మార్కు సువార్త ఘట్టం ఇలాంటి చోట ధ్యానానికి వచ్చినంత సూటిగా మరెక్కడా రాదు. ఐసెన్‌హైమ్ సూత్రం ఏమిటంటే, చిత్రాన్ని ఎంచుకునేటప్పుడు అందం కంటే చూసేవాడి గాయం ముందు లెక్కలోకి రావాలి.

ఈ సూత్రాన్ని తెలుగులో పట్టుకున్న చిత్రకారుడు పులిదిండి సాలొమోన్ రాజ్ (1921–2019). లూథరన్ పాదిరి, పండితుడు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో బైబిలు మిషను అనే తెలుగు సంఘం మీద పరిశోధన చేశాడు. విజయవాడలో సెయింట్ లూక్ లలితకళా ఆశ్రమాన్ని నెలకొల్పాడు. లూకా మరియమ్మ చిత్రాన్ని గీశాడన్న పాత ఐతిహ్యం వల్ల క్రైస్తవంలో చిత్రకారులకు ఆయనే పోషక పునీతుడు. సాలొమోన్ రాజ్ ఎక్కువగా వాడింది బాతిక్, చెక్క అచ్చు. బాతిక్‌లో రంగు పట్టకూడని చోట మైనం పూసి గుడ్డను అద్దకంలో ముంచుతారు. మైనం బీటలు వారిన చోట రంగు సన్నటి నరాల్లా పాకుతుంది. పూర్తిగా చేతి అదుపులో ఉండని పని అది. చెక్క అచ్చులో నలుపు, తెలుపు తప్ప దాక్కోవడానికి చోటు లేదు. లూకా సువార్తలోని విమోచన మీద ఆయన చేసిన చెక్క అచ్చుల వరసకు ఈ మొరటుదనమే సరిపోయింది.

ఆయన ప్రత్యేకత చిత్రాన్ని ధ్యానంతో కలిపి ఇవ్వడం. 1990ల్లో వచ్చిన బాతిక్‌ల పుస్తకంలో బొమ్మల పక్కన ధ్యాన వాక్యాలున్నాయి. బోధ బొమ్మలో కింద రాసిన వాక్యం బొమ్మ అర్థాన్ని చెప్పేసి పని ముగిస్తుంది. ఇక్కడ మాట బొమ్మను విప్పకుండా చూసేవాడిని ఇంకాసేపు అక్కడే ఉంచుతుంది. ఆ చిత్రాల్లో క్రీస్తు పేదల నడుమ, దిక్కులేనివాళ్ల నడుమ కనిపిస్తాడు. ఇది యాదృచ్ఛికం కాదు. భారతీయ క్రైస్తవ కళలో ఆంజెలో ద ఫొన్సెకా నుంచి జ్యోతి సాహి దాకా క్రీస్తును గురువుగా, యోగిగా చూపే ధోరణి ఒకటుంది. పద్మాసనం, కాషాయం, అభయముద్ర ఎవరి సంప్రదాయం నుంచి వచ్చాయని దళిత దైవశాస్త్రం అడిగింది. సంఘంలో అత్యధికులు దళితులైన తెలుగునాట ఆ ప్రశ్నకు పదును ఎక్కువ. తమను గుడి బయట నిలబెట్టిన ప్రతీకలతోనే తమ ప్రభువును చూపిస్తే అది ఎవరికి భారతీయం? జ్యోతి సాహి తర్వాతి రోజుల్లో జానపద, ఆదివాసీ కళల వైపు మళ్లడం కూడా ఈ సందర్భంలో గమనించదగ్గది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు క్రీస్తు జీవితాన్ని గుడ్డ మీద గీశారు. కథను గళ్లు గళ్లుగా చెప్పే ఆ శైలి ఊరి కంటికి పరిచితమే గాని, గళ్ల వరస కన్నును కథ వెంట పరుగెత్తిస్తుంది. ప్రార్థనకు ఒక్క గడి చాలు.

సాలొమోన్ రాజ్ పరిశోధించిన బైబిలు మిషను ఈ చర్చకు ఇంకో కొస. ముంగమూరి దేవదాసు 1938లో రాజమండ్రిలో ప్రారంభించిన ఈ సంఘంలో దైవసన్నిధిలో మౌనంగా కనిపెట్టడం ముఖ్య సాధన. దర్శనాలకు కూడా అక్కడ చోటుంది. ధ్యానం తెలుగు ప్రొటెస్టెంటులకు పరాయిదన్న మాటకు ఇదొక్కటే చాలిన జవాబు. తేడా ఏమిటంటే కనిపెట్టేవాడు కళ్లు మూసి లోపల చూస్తాడు, చిత్రంతో ప్రార్థించేవాడు కళ్లు తెరిచి బయట చూస్తూ మొదలుపెడతాడు. లోపలి బొమ్మ తన ఇష్టానికి వంగుతుంది. బయటి బొమ్మ వంగదు. మనం చూడకూడదనుకున్న పుండు కూడా అందులో ఉంటుంది. ఊహ మీద ఆధారపడే ధ్యానానికి బయటి చిత్రం అందించే అదుపు ఇదే. స్వతంత్ర, పెంతెకోస్తు సంఘాలు బొమ్మను ఒప్పుకోకపోయినా ఈ ఒక్క లాభాన్ని కాదనలేవు.

అభ్యంతరాల్లో గట్టిది పాతదే: గౌరవం ఎప్పుడు ఆరాధనగా మారుతుందో చూసేవాడికే తెలియదు. హిజ్కియా భయం నిజమైన భయం. దానికి ఆచరణలో కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. చిత్రాన్ని వాక్యానికి జతగానే వాడతారు. ఆ ఘట్టాన్ని ముందు చదువుతారు, చివర్లో మళ్లీ చదువుతారు. ఒకే చిత్రానికి అతుక్కుపోకుండా సంఘ పంచాంగం ప్రకారం మారుస్తారు. దండలు, అగరొత్తులు ఉండవు. ముగింపులో కళ్లు మూస్తారు, అంటే బొమ్మను వదిలేస్తారు. లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాల్లో ప్రవేశపెట్టడానికి ఈ రూపమే అనువైనది. గుంపుగా చేసేటప్పుడు ఒక్కొక్కరు తమ చూపు ఆగిన చోటును ఒక్క మాటలో చెబుతారు. ఎవరూ ఎవరినీ సరిదిద్దరు. దీనికి చదువు అవసరం లేదు. అక్షరం రాని ముసలమ్మ చూపు పాస్టరుగారి చూపు ఆగని చోట ఆగవచ్చు. గ్రెగరీ చదువు రానివాళ్ల పుస్తకం అన్నది ఈ అర్థంలో కాకపోయినా ఇక్కడికి చక్కగా నప్పుతుంది.

ఫోను తెర మీద చిత్రంతో ప్రార్థించడం ఇప్పుడు ఎక్కువైంది. ప్రపంచపు మ్యూజియంలన్నీ అందులో దొరుకుతాయి. కాని వేలు కదిపితే ఇంకో బొమ్మ వచ్చే చోట చూపు నిలవడం కష్టం, మధ్యలో ఎవరిదో మెసేజి వచ్చి పడుతుంది. అరచేతి వెడల్పు కాగితం మీద అచ్చు వేయించి బైబిల్లో పెట్టుకున్న బొమ్మ ఇంతకంటే ఎక్కువ పనికొస్తుంది. మెదక్ వెళ్లే సంఘాలు పగటి పూట, రద్దీ లేని వారపు రోజు, ఒకే కిటికీ ఎదుట అరగంట కూర్చునేలా ఏర్పాటు చేసుకుంటే ఖర్చు బస్సు చార్జీలతో సరిపోతుంది.